చిటికెన వేలికి తెలిసేది

నూజివీడులో పుట్టినవాళ్ళు రసం పండు తినరు, తాగుతారు. పండుని రెండు చేతుల మధ్య పెట్టుకుని వేళ్ళతో చుట్టూ మెల్లగా పిసుకుతూ రావాలి. లోపల గుజ్జు టెంకని వదిలి రసంగా మారుతున్న సంగతి వేళ్ళకే తెలుస్తుంది. అప్పుడు ముచ్చిక తీసి, ముందు వచ్చే సొన పిండేసి, నోట్లో పెట్టుకోవాలి. ఎంత పిసకాలో ఎవరూ ఎవరికీ నేర్పరు. బడికి కూడా వెళ్ళని పిల్లలకి వచ్చేస్తుంది. అలాంటిది మా ఆయన నారాయణరావు, అరవైకి దగ్గరపడ్డ మనిషి, మే నెలలో ఒక పొద్దున్న వసారాలో కూర్చుని చిన్నరసం పండుని చేతుల్లోనే పగలగొట్టుకున్నాడు. రసం చొక్కా మీదకీ కళ్ళజోడు మీదకీ చిమ్మింది.

"పండు మరీ మెత్తబడిపోయింది సుభద్రా," అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండింది. ఆ పండుని గడ్డిలోంచి ఏరి తెచ్చింది నేను. మాది రెడ్డిగూడెం. మా పుట్టింట్లో వేసవంతా మామిడిపండ్ల మధ్యే నడిచేవాళ్ళం, పడుకునేవాళ్ళం. చీకటి గదిలో గడ్డిలోకి చెయ్యి పెట్టి, ఏది ఇవాళ్టిదో ఏది రేపటిదో చెప్పగలను. నాకా ఈయన పండు సంగతి చెప్పేది?

"పండు బాగానే ఉంది. మీ వేళ్ళకేమొచ్చింది?" అన్నాను.

"ఏమొస్తుంది?" అని చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇంకో పండు ఇస్తే వద్దన్నాడు. షుగర్ కదా, మానేశానన్నాడు. ఆయనకి షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో మామిడిపండు ఎదురుగా ఉన్నప్పుడు షుగర్ సంగతి ఆయనకి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నేనే పండ్లు దాచేదాన్ని, ఆయన వెతుక్కుని తినేవాడు, ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు తనంతట తాను మానేశానంటే నాకు సంతోషం వెయ్యలేదు, భయం వేసింది.

ఎందుకు భయమో చెప్పాలంటే ఆయన పని గురించి చెప్పాలి. వాళ్ళ నాన్న తోట చూసుకోమంటే వినకుండా ఇంజన్ల వెంట పడ్డ మనిషి. ముసునూరు రోడ్డులో మా ఇంటి పక్కనే షెడ్డు. చేసేదల్లా ఒకటే పని: ఇంజను హెడ్డు. ఇంజను పైభాగాన ఉండే ఆ అల్యూమినియం దిమ్మలో, గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వెళ్ళడానికి ఒక వంకర దారి ఉంటుంది. దాన్ని పోర్టు అంటారు. కంపెనీవాళ్ళు పోతపోసి పంపిన దారి గరుగ్గా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఈయన దాన్ని చేతి గ్రైండరుతో సాపు చేసి, ఎక్కడ వెడల్పు చెయ్యాలో, ఎక్కడ ముట్టుకోకూడదో చూసుకుంటూ చెక్కుతాడు. అలా చెక్కిన హెడ్డు బిగిస్తే బండి ఊపిరి మారిపోతుందంటారు. పందేల్లో తోలే కుర్రాళ్ళు ఎక్కడెక్కడినుంచో వస్తారు.

పోర్టు లోపల కన్ను పని చెయ్యదు. వంకర తిరిగి ఉంటుంది కాబట్టి కనిపించదు. ఆయన చిటికెన వేలు పెట్టి చూసేవాడు. కళ్ళు మూసుకుని, వేలిని లోపల మెల్లగా తిప్పి, "ఇక్కడ గాలి తడబడుతుంది," అని చెప్పేవాడు. హెడ్డు తీసుకోవడానికి వచ్చినవాళ్ళ చేత కూడా వేలు పెట్టించి, ఏం తెలిసింది అని అడిగేవాడు. వాళ్ళకి ఏమీ తెలిసేది కాదు. అయినా బుద్ధిగా తలూపేవాళ్ళు. అది చూసి నేను వంటింట్లో నవ్వుకునేదాన్ని.

పండు వద్దన్న రోజు మధ్యాహ్నం ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ఎడం చేత్తో పేపరు, కుడి చెయ్యి కుర్చీ పక్కన వేలాడుతోంది. నేను వెనకనుంచి వెళ్ళి, గాజుకి పెట్టుకున్న పిన్నీసు తీసి, దాని మొనతో ఆయన చిటికెన వేలి చివర గుచ్చాను. ఉలిక్కిపడి నన్ను తిడతాడని చూశాను. ఇంకొంచెం గట్టిగా గుచ్చాను. రక్తపు చుక్క వచ్చింది. ఆయన పేజీ తిప్పాడు.

అక్కడే కూలబడి ఏడ్చేశాను. అప్పుడు గానీ ఆయనకి తెలియలేదు.

విజయవాడ తీసుకెళ్ళాను. డాక్టరు చిన్న తీగతో వేలివేలికీ తాకించి చూశాడు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నాడు. ఇంకా పాడవకుండా చూసుకోవచ్చు గానీ, పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. తిరుగుదారిలో బస్సులో ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగాను. "ఈ మధ్యే," అన్నాడు. "ఎవరితోనూ అనకు," అని కూడా అన్నాడు. కిటికీలోంచి తోటలు చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారమే కృష్ణకాంత్ కొత్త హెడ్డు పట్టుకొచ్చాడు. చింతలపూడి అబ్బాయి. మట్టి ట్రాకుల మీద మోటారు సైకిలు పందేలు చేస్తాడు. కుర్రతనం నుంచీ మా షెడ్డులో తిరిగినవాడు, ఆయన్ని బాబాయ్ గారూ అని, నన్ను పిన్నిగారూ అని పిలుస్తాడు. కిందటేడు ఆయన చేత రెండు హెడ్లు చెక్కించుకున్నాడు. ఒకటి బండికి ఎక్కించుకుని, రెండోది అవసరమొస్తే తీసుకెళ్తానని మా దగ్గరే ఉంచాడు.

"బాబాయ్ గారూ, ఈసారి మీ వేలు ఇంకాస్త ఎక్కువ తిరగాలి. పెద్ద పందెం," అన్నాడు.

"తిరుగుద్దిలేరా," అన్నాడు ఈయన. నా మొహం మాత్రం చూడలేదు.

కృష్ణకాంత్ అటు వెళ్ళాడో లేదో గ్రైండరు మోత వినిపించింది. నేను షెడ్డులోకి వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

"ఏంటిది?"

"మీరు చేస్తున్నదేంటి? లోపల ఏముందో మీకు తెలుస్తోందా?"

"ముప్పై ఏళ్ళ అలవాటు సుభద్రా. చెయ్యి దానంతటదే వెళ్తుంది."

"మొన్న పండు దగ్గర కూడా దానంతటదే వెళ్ళింది."

ఆయన గ్రైండరు కింద పెట్టాడు. కోపమొస్తే అరిచే మనిషి కాదు, మాట్లాడ్డం మానేస్తాడు. నాకు ఆ ఓపిక లేదు. ఆ కుర్రాడు దీన్ని నమ్మి బండెక్కుతాడు, రేపేమన్నా అయితే మీరు అన్నం ఎలా తింటారు అని నోటికొచ్చినట్టు అన్నాను. వాడికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అన్నాను.

"చెప్పి? చెప్పాక ఏం చెయ్యను? వసారాలో కూర్చుని పేపరు చదువుకోనా?" అన్నాడు. ఆ గొంతు విన్నాక నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

గాలిని కొలిచే పద్ధతి ఒకటుందని ఆయనకి తెలుసు. ఫోన్లో ఎవరెవరో చేసిన వీడియోలు నాకే చూపించి ఎగతాళి చేసేవాడు. వాక్యూమ్ క్లీనరుతో హెడ్డులోంచి గాలి లాగుతారు. పోర్టులోకి సన్నటి గొట్టం పెడతారు. దానికి తగిలించిన పైపులో నీళ్ళు లేచిన ఎత్తుని బట్టి గాలి ఎక్కడ వేగంగా పోతోందో, ఎక్కడ నీరసపడిందో చెప్తారు. "వేలు లేనివాళ్ళ పని," అనేవాడు. ఆ మాట ఇప్పుడు నేను గుర్తు చెయ్యలేదు. ఆయనకే గుర్తుంటుంది.

మర్నాడు పొద్దున్న నేనే మొదలుపెట్టాను. అటక మీద ఎవరో కానుకగా ఇచ్చిన వాక్యూమ్ క్లీనరు ఉంది. ఒక్కసారి వాడి, ఆ మోతకి దొడ్లో మా గేదెలు బెదిరాయని పైకెక్కించాం. దాన్ని దింపాను. తాపీమేస్త్రి పెద్దిరాజు దగ్గర లెవెల్ చూసే సన్న ప్లాస్టిక్ పైపు ఒక ముక్క అడిగి తెచ్చాను. గొట్టం మాత్రం ఏది పెట్టాలో తోచలేదు. గేదెల మందుల డబ్బా కదిలిస్తుంటే దొరికింది. గేదెకి చన్ను మూసుకుపోతే పాలు రావడానికి పెట్టే సన్నటి లోహపు గొట్టం. కొన గుండ్రంగా, నున్నగా ఉంటుంది. కొన దగ్గర రెండు పక్కలా రెండు చిన్న రంధ్రాలు.

బల్ల మీద పెట్టాను. ఆయన చూసి చూడనట్టు ఊరుకున్నాడు. నేను దాన్ని వంచబోయాను.

"అలా వంచితే నలిగిపోద్ది. ఇటివ్వు," అన్నాడు.

ఆ ఒక్క మాట కోసమే నేను పొద్దుటినుంచి ఆ చెత్తంతా పోగేశాను.

ఆయన గొట్టం కొనని అరగదీసి తెరిచాడు. గేదెలకి ఇంజక్షను చేసే లావు సూది తీసుకుని, మొన అరగదీసి, గొట్టం లోపలికి దూర్చాడు. సూది రంధ్రం గాలికి ఎదురుగా ఉంటుంది, గాలి దాన్ని తోస్తుంది. గొట్టం పక్క రంధ్రాలకి ఆ తోపు తగలదు. సూదినుంచి ఒక పైపు, గొట్టంనుంచి ఒక పైపు తీసి ఒకే నీళ్ళ పైపుకి రెండు కొసలా తగిలిస్తే, రెండు వైపులా నీళ్ళలో వచ్చే తేడాయే గాలి వేగం. నాకు అర్థమయ్యేదాకా చెప్పాడు. చెప్తుంటే ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. లోపల తీగ పెట్టి, వేడి చేస్తూ, గాలి వచ్చే వైపుకి మొహం తిరిగేలా కొక్కెంలాగా వంచాడు. వంపు సరిగ్గా వచ్చేదాకా రెండు గొట్టాలు పాడయ్యాయి. పశువుల ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు కృపావతి గారిని అడిగి ఇంకో రెండు తెచ్చాను. ఎన్ని గేదెలున్నాయమ్మా మీకు అందావిడ.

సూదికీ గొట్టానికీ మధ్య సందు పూడ్చాలి. ఆయన టంకం పెడుతున్నాడు. నేను పక్కన నిలబడి పైపు పట్టుకున్నాను. ఏదో కాలిన వాసన వచ్చింది. ప్లాస్టిక్ వాసన కాదు. చూస్తే ఆయన ఎడం చేతి వేలు వేడి గొట్టానికి ఆనుకుని ఉంది. ఆయన టంకం కారుతున్న చోటే చూస్తూ, నింపాదిగా పని చేసుకుంటున్నాడు.

చెయ్యి లాగేశాను. వేలి చివర చర్మం తెల్లగా ఉబ్బింది. ఆయన ఆ వేలిని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేరేవాళ్ళ వేలు చూస్తున్నట్టు చూశాడు. అప్పటిదాకా డాక్టరు చెప్పినా, నేను చెప్పినా ఆయన నమ్మలేదని నాకు అప్పుడు అర్థమైంది. "పోయింది సుభద్రా," అన్నాడు. నేను మందు రాశాను. టంకం మాత్రం చల్లారాక గట్టిగానే పట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే అంతా బిగించాం. చెక్క బల్లకి రంధ్రం, కింద వాక్యూమ్ క్లీనరు, పైన హెడ్డు. నీళ్ళు కనబడాలని బట్టలకి పెట్టే నీలిమందు కలిపాను. పైపులో బుడగ లేకుండా తట్టి తట్టి తీశాడు. ముందు బీరువా పైనున్న పాత హెడ్డు దింపాడు. తన సొంత బండి కోసం వయసులో చెక్కుకున్నది, గుడ్డలో చుట్టి దాచుకున్నది. దాన్ని బల్ల మీద పెట్టి మిషను వేశాడు. కొక్కెం గొట్టాన్ని పోర్టులో పైన, కింద, పక్కల మెల్లగా తిప్పాడు. నీలి నీళ్ళు లేచి నిలబడ్డాయి. ఎక్కడ పెట్టినా దాదాపు అదే ఎత్తు.

"చూశావా! చూశావా సుభద్రా!" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంతా ఒకటే. వేలితో చేశాను ఇది. ఒట్టి వేలితో."

నాకూ గర్వంగానే అనిపించింది. ఇన్నేళ్ళూ వంటింట్లో నవ్వుకున్నందుకు సిగ్గేసింది కూడా.

తర్వాత కృష్ణకాంత్ మా దగ్గర ఉంచిన హెడ్డు పెట్టాడు. కిందటేడు చెక్కినది. పైన నీళ్ళు బాగానే లేచాయి. గొట్టాన్ని పోర్టు అడుగుకి దింపాడు. నీళ్ళు జారిపోయాయి.

"బుడగ," అన్నాడు. తట్టాడు. బుడగ లేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారాయి. గొట్టమే తప్పు చెప్తోందన్నాడు. పాత హెడ్డు మళ్ళీ బిగించి చూశాడు. నీళ్ళు ఎప్పట్లాగే నిలబడ్డాయి. గొట్టం తప్పు చెప్పడం లేదు. మిషను ఆపాడు.

"అడుగున మెటల్ ఎక్కువ లాగేశాను," అన్నాడు. "దారి అక్కడ అవసరానికి మించి వెడల్పయింది. అందుకే గాలి నీరసపడింది."

"అయితే బండి కొంచెం మెల్లగా పోతుందా?"

"అది కాదు. అడుగున గోడ పల్చబడిపోయుంటుంది. బండికున్న దాన్నీ అదే వారం, అదే చేత్తో చెక్కాను. ఆ గోడకి చిల్లి పడితే బయటిగాలి లోపలికి దూరుద్ది. పెట్రోలు చాలక పిస్టన్ కాగిపోయి పట్టేసుద్ది. వెనక చక్రం బిగుసుకుపోద్ది." ఆగాడు. "వాడు ఆ స్పీడులో ఉండగా."

ఆదివారం కృష్ణకాంత్ ప్రాక్టీసుకి వెళ్తాడని ఇద్దరికీ తెలుసు. ఫోను నేను తీశాను. నేనే మాట్లాడేద్దునేమో కూడా. ఆయన చెయ్యి చాపాడు. "నంబరు నువ్వు నొక్కు. మాట్లాడేది నేను," అన్నాడు.

చాలాసేపు మోగింది. ఆ మోగినంతసేపూ నేను దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకున్నాను. ఎత్తాడు.

"ఎక్కడున్నావురా? ఎక్కావా? దిగు. బండి ఆపి దిగు. హెడ్డు విప్పి పట్టుకురా... కాదు, బండి బాగానే పోతోందని నాకు తెలుసు. నా వేలు బాగాలేదు. వేలికి స్పర్శ లేదు. నేను చెక్కింది నమ్మకు."

మధ్యాహ్నం కృష్ణకాంత్ హెడ్డుని సంచిలో వేసుకుని ఇంకో బండి మీద వచ్చాడు. ఆయన ఏమీ చెప్పకుండా దాన్ని తలకిందులు చేసి, వాల్వు సందు మూసి, పోర్టులో కిరసనాయిలు పోశాడు. హెడ్డు బయట, వేడి పోవడానికి వరసగా ఉండే రెక్కల వైపు ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ముందు ఏమీ లేదు. తర్వాత రెండు రెక్కల మధ్య తడి మచ్చ కనిపించింది. గుండుసూది తలంత. చూస్తుండగానే అది పెరిగి చుక్కగా మారి బల్ల మీద పడింది.

కృష్ణకాంత్ ఆ చుక్కని వేలితో తుడిచి వాసన చూశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"కిందటేడు వేసవికే వేళ్ళు మొద్దుబారాయి. నీ హెడ్లు చెక్కేటప్పుడు నాకు తెలుసు. తెలిసే చెక్కాను. ఎలాగో వచ్చేస్తుందనుకున్నాను."

ఈ మధ్యే అని బస్సులో నాతో అన్నాడు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది, పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"నాకు చంటిపిల్ల ఉందండీ," అన్నాడు కృష్ణకాంత్.

అంతే అన్నాడు. అరవలేదు. కానీ ఇన్నేళ్ళూ బాబాయ్ గారూ అన్న నోటితో అండీ అన్నాడు. మా ఇద్దరికీ అది వినిపించింది. ఆయన తల వంచుకున్నాడు. సమర్థించుకోలేదు, షుగరని చెప్పలేదు, క్షమించమని కూడా అనలేదు.

కృష్ణకాంత్ కొత్త హెడ్డు ఎక్కడుందని అడిగాడు. ఆయనే లోపలినుంచి తెచ్చి గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఇంకా గ్రైండరు పెద్దగా తగలలేదని, ఎవరి దగ్గరైనా చెక్కించుకోవచ్చని చెప్పాడు. తర్వాత బల్ల మీది కొక్కెం గొట్టాన్ని, నీళ్ళ పైపుని విప్పి, రెండూ కలిపి పాత టవల్లో చుట్టాడు.

"ఇది కూడా తీసుకెళ్ళు. ఎవరు చెక్కినా దీంతో కొలవమను. ఎవరి వేలినీ నమ్మకు."

"అదెందుకిస్తారు?" అన్నాను ఉండబట్టలేక. అన్ని రోజులు కూర్చుని చేసిందది. ఆ చుట్టిన తీరు చూస్తే తన వేలే కోసి ఇస్తున్నట్టుంది నాకు. ఆయన ఆ మూట కృష్ణకాంత్ చేతిలో పెట్టాడు.

కృష్ణకాంత్ గేటు దాకా వెళ్ళి ఆగాడు.

"పైపులో బుడగ వస్తే ఏం చెయ్యాలి?"

"కింద నుంచి పైకి తట్టుకుంటూ రా. అదే లేచి పోతుంది. నీళ్ళు కదలకుండా నిలబడేదాకా లెక్క చూడకు."

తలూపాడు. "వెళ్ళొస్తాను పిన్నిగారూ," అన్నాడు నాతో. ఆయన వైపు ఒకసారి చూసి బండెక్కాడు. బాబాయ్ గారూ అనలేదు.

ఆయన షెడ్డు తలుపు దగ్గరగా వేసి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి వసారాలో కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను పోట్లాడదామనే వచ్చాను. ఏడాదిపాటు నా దగ్గర దాచినందుకు అనాల్సినవి చాలా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంటున్నాను.

"పండ్లున్నాయా సుభద్రా?" అన్నాడు.

"మీకు షుగర్ కదా," అన్నాను అలవాటు కొద్దీ.

"ఒకటి పిసికి ఇవ్వు. నాకు తెలియట్లేదు."

లోపలికి వెళ్ళి గడ్డిలో చెయ్యి పెట్టి ఇవాళ్టి పండు ఒకటి తీశాను. ఆయన ఎదురుగా కూర్చుని పిసికాను. టెంక వదిలింది. ముచ్చిక తీసి, సొన పిండేసి, ఆయన చేతిలో పెట్టాను. పట్టుకున్నాడో లేదో ముందు కళ్ళతో చూసుకున్నాడు. చూసుకుని, రెండు చేతులతో నోటి దగ్గరకి తీసుకున్నాడు.

"తియ్యగా ఉందా?" అన్నాను.

"ఉంది," అన్నాడు. "అది తెలుస్తోంది."